నైరుతి వాకిలి

గుడియాత్తంలో దామోదరం మేస్త్రి చేత ఇల్లు కట్టించుకోవాలంటే ముందు ఆయన వాస్తు పాఠం వినాలి. ముప్పై ఏళ్లలో నైరుతి మూల ఒక్క వాకిలి పెట్టినవాడు కాడు. అంత మొండిఘటం! ఇంటి సంగతి గడప దాటనివ్వకపోవడంలోనూ అంతే. ఇంటిగుట్టు లంకకు చేటని రోజుకు రెండుసార్లన్నా అనేవాడు.

వేలూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు కార్తీక నెలనెలా చిక్కిపోతూ వచ్చింది. అన్నం సహించదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించాడు. పిల్ల ముఖం తేరుకుంటేగా! అంతలో ఒకరోజు కాలేజీ కౌన్సెలర్ శరణ్య మేడం ఫోన్ చేసి, కార్తీక అమ్మానాన్నలతో మాట్లాడాలంటోందని పిలిచింది. దామోదరం, భార్య పంకజమ్మ దొరికిన బస్సెక్కి పోయారు.

మేడం పక్కన కూర్చుని కార్తీక అంతా చెప్పింది. ప్రేమిస్తున్నానన్న క్లాసు పిల్లవాడే ఫోన్ లాక్కోవడం, చెయ్యి చేసుకోవడం, ఎవరికైనా చెబితే ఫోటోలు బయటపెడతానని బెదిరించడం. అంతా విని దామోదరం అడిగిన మొదటి మాటేమిటో తెలుసా?

"ఈ సంగతి ఇంకెవురికన్నా తెలుసునా?"

కూతురి మోచేయి కమిలి కనబడుతుంటే మనిషి అడిగింది అదీ!

"గమ్మునుండబ్బా నువ్వు!" అని కసిరింది పంకజమ్మ. "పడ్డోళ్లు యాడన్నా చెడ్డోళ్లయితారా?" కూతుర్ని దగ్గరికి లాక్కుంది. దామోదరం తల వంచుకున్నాడు.

శరణ్య మేడం ఆయన్ని ఒక్క మాటా అనలేదు. ఫిర్యాదు రాయించింది, మహిళా పోలీసుల దగ్గరికి తనే తోడుపోయింది, కాలేజీ ఆ పిల్లవాణ్ణి బయటికి పంపేదాకా ఊరుకోలేదు. ఆ తర్వాత కూడా వారం వారం కార్తీకను కూర్చోబెట్టుకుని మాట్లాడింది. ఆరు నెలలకు, సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ తమ్ముడితో పోట్లాడటం మొదలుపెట్టింది. ఆ కేకలు వింటూ పంకజమ్మ వంటింట్లో నిలబడి ఏడ్చింది, సంతోషం పట్టలేక.

ఒకనాడు హాస్టలుకు తిరిగి పోయే బస్సులో కార్తీక తండ్రితో అంది: "నాయనా, మేడం రూము కాడికి మూడు దినాలు పొయ్యి తిరిగొచ్చేసినా. ఎదురుగ్గానే క్యాంటీను. అందురూ చూస్తా ఉంటారు. నాలుగో దినం వాన కొట్టింది. బయట ఎవురూ లేరు. దాంతో లోపలికి పోయినా."

"వాన రాకపోయుంటే?"

దామోదరం కూతురి చెయ్యి పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు.

మర్నాడే శరణ్య మేడం ముందు నిలబడ్డాడు. "నా బిడ్డను నాకిచ్చినావు తల్లీ. నీ మేలు మరిసిపోయేది కాదు. ఈ రూముకు ఎనకపక్క ఇంకో వాకిలి పెడతా, ఒప్పుకో" అన్నాడు.

వెనక లైబ్రరీ సందు. అక్కడ ఎవరి కళ్లూ పడవు. కాలేజీ వాళ్లు సరేనన్నారు. తీరా సుత్తి తీసుకున్నాక కూలి చిన్నప్పన్ నోరెళ్లబెట్టాడు.

"మేస్త్రీ, ఇది నైరుతి గదా! నువ్వేనా పెట్టేది?"

"నేనే. పిల్లోళ్లు బతికే దోవకు వాస్తేందిరా? కొట్టు!"

మూడో రోజుకు ద్వారబంధం నిలబడింది, పూత సాగుతోంది. సందు మలుపులో ఒక అమ్మాయి కనబడింది. కళ్లు వాచి ఉన్నాయి. తాపీ పట్టుకున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"పని కాలేదా పెద్దాయనా? మళ్లీ వస్తాలే" అని వెనక్కి తిరిగింది.

ఆ 'మళ్లీ' ఎలాంటిదో దామోదరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాపీ కింద పెట్టేశాడు.

"పోవాకమ్మా! పూత పచ్చిగా ఉండాది, అంతే. ఒంటికి అంటకుండా పో. మేడం లోపలే ఉండాది."

అమ్మాయి కదల్లేదు. చిన్నప్పన్ వింటున్నాడు. చిన్నప్పన్ చెవిన పడితే గుడియాత్తం అంతా విన్నట్టే. అయినా దామోదరం నోరు విప్పాడు.

"నా కూతురు గూడా ఈ రూములోకి పోయిందమ్మా," అన్నాడు, గట్టిగానే. "ఇప్పుడు పరీక్షలు రాస్తా ఉండాది."

ఆ అమ్మాయి ఆయన ముఖంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత చున్నీ దగ్గరికి లాక్కుని, గోడ తగలకుండా ఒదిగి, లోపలికి పోయింది.