ఉపవాసానికి బదులు పుస్తకం

చిన్నమ్మీ, పెనుకొండ నుంచి మొదటి ఫోన్ వచ్చినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని మగ్గానికి పట్టు కండెలు చుడుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. నువ్వు గ్రంథాలయంలో పడిపోయావని, ఆసుపత్రికి తీసుకుపోయారని చెప్పారు. మీ నాయన మగ్గం గుంతలో నుంచి లేచి చొక్కా వేసుకుంటుండగా రెండో ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ ఆయన ఎత్తాడు. చొక్కా గుండీలు మళ్ళీ విప్పుకుంటూ నిలబడ్డాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

చదివేవాళ్ళకు చెబుతున్నాను. ఆమె నా కూతురు. ఇరవై ఏడేళ్ళు. హిందూపురంలో డిగ్రీ చదివింది. పెనుకొండలో ఒక చిన్న బడిలో పిల్లలకు సాంఘికం చెప్పేది. రోజూ ధర్మవరం నుంచి రైల్లో పోయి రైల్లో వచ్చేది. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి. నా కూతురు మంచిదని చెప్పుకోవడానికి మాత్రమే రాయడం లేదు. ఆమె పోయే ముందు ఆదివారం నేను ఒక పని చేశాను. దానివల్లనే పోయిందా, లేకపోతే ఆయువు అంతేనా అని తెలుసుకోకుండా ఉండలేకపోయాను. తెలుసుకున్నాను. అది కూడా రాస్తాను.

ఆమెకు పదో తరగతిలోనే షుగర్ వచ్చింది. పూటపూటకూ సూది. సూది వేసుకున్నాక తినకుండా ఉండకూడదని హిందూపురం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది. "అన్నం ఆలస్యమైతే మనిషి తూలిపోతుందమ్మా, నిద్రపోయినట్టే ఉంటాది, మీరు నిద్ర అనుకుంటారు" అంది. ఆ మాట నాకు బాగా జ్ఞాపకం ఉంది. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

మా అవ్వ కాలం నుంచి మేము యేసయ్యను నమ్ముకున్నవాళ్ళం. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పనుల్లో ఉండేవాళ్ళు గుడికి రాలేరు కాబట్టి ఎక్కడున్నా తినకుండా ఉంటే చాలు. ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ వారం ఉపవాసం ఉండేవాళ్ళ పేర్లు పాస్టరు అయ్యగారు అందరి ముందూ చదువుతారు. నా పేరు ప్రతి వారం చదివేవారు. నా కూతురి పేరు పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదు. జబ్బు సంగతి అందరికీ తెలుసు. తెలిసినా, పేర్లు చదివేటప్పుడు కొందరు తల తిప్పి ఆమె వైపు చూసేవారు. ఆమె కంటే నాకే ఎక్కువ సిగ్గుగా ఉండేది.

పోయిన ఏడాది ఆమె తనకు తానే ఒక పందెం వేసుకుంది. "మా, నేను తిండి మానలేను కదా. దానికి బదులు శుక్రవారానికి ఒక పుస్తకం చదువుతా. ఏడాదికి యాభై రెండు" అంది.

"అన్ని పుస్తకాలు చదివి ఏం చేస్తావమ్మీ" అన్నాను.

"నీకు చెప్తా. నువ్వు కండెలు చుడతా ఉండు, నేను చెప్తా ఉంటా."

దానికొక కట్టుబాటు పెట్టుకుంది. ఒక వారం భక్తి గురించిన పుస్తకం, ఇంకో వారం రాజకీయం గురించిన పుస్తకం. భక్తి అంటే మన మతం పుస్తకాలు మాత్రమే కాదు, మనల్ని ఒప్పుకోనివాళ్ళు రాసినవి కూడా. రాజకీయమూ అంతే. ఒక పార్టీని పొగిడేది చదివితే తరువాత దాన్ని తిట్టేది వెతుక్కునేది. "ఒక్క పక్కవే చదివితే ఒంటికాలి మీద నిలబడినట్టు ఉంటాది మా" అనేది. నేను చుట్టగా మిగిలిన పట్టు పోగులు ఏరుకుని పుస్తకంలో గుర్తు పెట్టుకునేది. భక్తికి పచ్చ పోగు, రాజకీయానికి ఎర్ర పోగు. శనివారం సాయంత్రం నా పక్కన కూర్చోగానే నేను అడిగేదాన్ని, "ఈ వారం పచ్చదా, ఎర్రదా?" అని. ఎర్రదంటే వాళ్ళ నాయన మగ్గం ఆపకుండానే అనేవాడు, "మీ అమ్మకు దేవుడి కథ చెప్తే నిద్ర, ఎలక్షన్ కథ చెప్తే కోపం. యాడ తెచ్చుకున్యానో" అని. ఆమె నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే వార్డు అంటే ఏమిటో, పన్ను ఎవరి చేతికి పోతుందో, మా వీధిలో కాలువ ఎందుకు కట్టలేదో చెప్పేది. ఓటు వేయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళయినా అవి నాకు తెలియవు. అందరూ ఏ గుర్తు అంటే ఆ గుర్తు నొక్కి వచ్చేదాన్ని.

"ప్రార్థన అందరి కోసం చెయ్యి మా. ఓటు మాత్రం నీ బుద్ధితో వెయ్యి" అనేది. ఇది చాలాసార్లు అంది. నేను ఊఁ కొట్టి కండె మార్చుకునేదాన్ని.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. పోటీకి నిలబడిన ఒకాయన మనుషులు మా గుడికి వచ్చారు. చుట్టూ గోడ కట్టిస్తామని, పైన రేకులు మార్పిస్తామని చెప్పి పోయారు. ఆ ఆదివారం అయ్యగారు, ఆయన గెలుపు కోసం మూడు శుక్రవారాలు సంఘమంతా ఉపవాసం ఉండాలని చెప్పారు. అయ్యగారు చెడ్డవారు కాదు. వానాకాలం గుడిలో నీళ్ళు కారుతుంటే తన చేత్తో ఎత్తి పోసిన మనిషి. ఆ రేకుల మీద ఆశ నాకూ ఉండింది.

నా కూతురు లేచి నిలబడింది. "అయ్యగారూ, ఎవరు గెలిచినా న్యాయంగా ఉండాలని ప్రార్థన చేద్దాం. ఒకాయనే గెలవాలని ఆకలితో అడిగేది బేరం కదా? పోటీ చేసే ఇంకో ఆయన ఇంట్లో కూడా ఎవరో ఒకరు మొక్కుకుంటానే ఉంటారు" అంది. గొంతు పెంచలేదు. బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది.

నా వెనక వరసలో ఒక పెద్దామె ఉంది. సంఘంలో అందరికంటే ముందు నుంచి ఉన్న మనిషి. ఆమె పక్కనున్న ఆమెతో, అందరికీ వినపడేట్టుగానే అంది, "మూడు పూటలా తినేదానికి ఉపవాసం మాట ఎందుకబ్బా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆ నవ్వు నా వీపు మీద పడింది. అయ్యగారు పేర్లు చదవడం మొదలుపెట్టారు. నా పేరు చదివారు. నేను లేచి నిలబడి, "అయ్యగారూ, నా కూతురి పేరు కూడా రాయండి" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఆరోగ్యం ఎట్లమ్మా?" అని అడిగారు. "ఏం కాదు, రాయండి" అన్నాను. రాశారు. చదివారు. నా కూతురు నా వైపు చూసింది, తరువాత తన చేతుల వైపు చూసుకుంది.

ఇంటికి వచ్చాక అడిగింది. "ఎందుకు మా అట్ల చేసినావు?"

"ఒక్క పూటకు ప్రాణమేం పోదులే" అన్నాను.

ఆ శనివారం వరకు కూడా కోపం ఉంచుకుందామనుకున్నాను. వారమంతా సరిగా మాట్లాడలేదు. గురువారం ఆమె తనే వచ్చి రాట్నం పక్కన కూర్చుంది. నేను లేచి వంటింట్లోకి పోయాను. శుక్రవారం పొద్దున క్యారియర్ కట్టలేదు. మామూలుగా జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, పెరుగు పెట్టేదాన్ని. ఆ రోజు ఖాళీ డబ్బా గూట్లో అట్లాగే ఉంది. ఆమె ఎప్పటిలాగే సూది వేసుకుని వచ్చి, దాని వైపు చూసి, చెప్పులు వేసుకుని, "పోయొస్తా మా" అంది. నేను పలికానో లేదో నాకు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. నిజంగా తినకుండా ఉంటుందని నేను అనుకోలేదు. పెనుకొండలో ఎక్కడో ఒకచోట ఇడ్లీ అయినా తింటుందిలే, పేరు చదివారు, నా పరువు నిలిచింది, అంతే చాలు అనుకున్నాను.

ఆమెను పూడ్చి మన్ను చేశాక నాలుగు రోజులు ఎవరు ఏం పెట్టినా నా గొంతు దిగలేదు. ఆ పెద్దామే గిన్నెలో అన్నం తెచ్చి నా ముందు కూర్చుంది. ఆమె ఏడ్చింది, నేను ఏడవలేదు. నా తలలో ఒకటే ఉంది. నా కూతురు ఆ రోజు తిన్నదా, లేదా? తిన్నా పోయి ఉంటే అది జబ్బు. తినకుండా పోయి ఉంటే అది నేను.

వాళ్ళ నాయన వద్దన్నాడు. "తెలుసుకోని ఏం చేస్తావే, వదిలెయ్యి" అన్నాడు. అయినా ఒకరోజు రైలెక్కి పెనుకొండ పోయాను.

గ్రంథాలయంలో ఉండే పెద్దాయన నన్ను చూడగానే కుర్చీ వేశాడు. ఆమె కూర్చునే చోటు చూపించాడు. కిటికీ పక్కన బల్ల. ప్రతి శుక్రవారం బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చేదట, అక్కడే క్యారియర్ విప్పి ఒక చేత్తో తింటూ ఒక చేత్తో పేజీలు తిప్పేదట. పుస్తకం మీద రొట్టె తునక పడితే నాలుకతో తీయిస్తానని బెదిరించేవాణ్ణమ్మా అని చెప్పి, నవ్వబోయి ఆపుకున్నాడు.

"ఆ పొద్దు తిన్నాదా అన్నా?" అని అడిగాను.

"లేదమ్మా. క్యారియర్ లేకపోతే నేనే అడిగినా, ఏం తల్లీ ఈ పొద్దు ఉత్త చేతుల్తో వచ్చినావు అని. నా సంగటి సగం పెడతా రమ్మన్యా. వద్దనింది. 'మా అమ్మ అందరి ముందర నా పేరు చదివించినాదన్నా. ఇప్పుడు తింటే మా అమ్మ గుళ్ళో అబద్ధం చెప్పినట్టు అయితాది' అనింది."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎవరు గెలవాలని ఉపవాసం అని అడిగినా. 'గెలిచినోళ్ళకు బుద్ధి ఉండాలని' అని నవ్వినాది. నేను ఇంటికి పోయి తినొచ్చేసరికి బల్ల మీద తల పెట్టుకోని ఉండాది. రైలు ప్రయాణం కదా, అలిసిపోయినాదిలే, పండుకోనీ అనుకున్యా. లేపలేదమ్మా. లేపింటే..." అన్నాడు. ఆయన కూడా నాలాగే ఒక మాట మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. "నీ తప్పేమీ లేదన్నా" అని చెప్పాను. నాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా నేను వినను.

అది ముప్పై ఎనిమిదో పుస్తకం. ఎర్ర పోగుది. ఊరి పంచాయితీలు ఎట్లా నడవాలో రాసింది. సగం కూడా కాలేదు. ఆమె పేరు మీద ఉన్న కార్డు మీదనే ఆయన ఆ పుస్తకం నాకు ఇచ్చాడు.

ఆ తరువాతి శుక్రవారం గుడికి పోయి లేచి నిలబడ్డాను. నేను పేరు రాయించిన సంగతి, క్యారియర్ కట్టని సంగతి, పెద్దాయన చెప్పింది, అంతా చెప్పాను. "కూర్చోమ్మా, కూర్చో" అని అయ్యగారు రెండుసార్లు అన్నారు. కూర్చోలేదు. చివరికి ఆయన పేర్ల పుస్తకం మూసి, "రాసింది నా చెయ్యి కదమ్మా" అన్నారు. అప్పటి నుంచి మా సంఘంలో పేర్లు చదవడం లేదు. ఎవరి ఉపవాసం వాళ్ళకూ దేవునికీ మధ్య ఉంటుంది. దీనికి నా బిడ్డ పోవాల్సి వచ్చింది. ముందే ఒక మాట అడిగితే తీరిపోయేదానికి.

ఎన్నికల ముందు ఓటు చీటీలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఆమెది కూడా వచ్చింది. వాళ్ళ నాయన దాన్ని వెనక్కి ఇవ్వబోయి ఇవ్వలేక జేబులో పెట్టుకున్నాడు. నేను పోయి ఓటు వేశాను. ఎవరూ చెప్పకుండా వేసిన మొదటి ఓటు అదే. ఎవరు గెలిచారో ఇక్కడ రాయను. రాస్తే మీరు దాన్ని గురించే మాట్లాడుకుంటారు.

దేవుని మీద నాకు కోపం లేదా అని అడుగుతారు. ఉంది. అయినా ఆయనతోనే మాట్లాడుతున్నాను, ఇంకెవరితో మాట్లాడాలి? ఆయన ఆకలితో ఉన్నవాళ్ళను చూసి రొట్టెలు పంచినవాడని నా కూతురు ఎన్నిసార్లో చెప్పింది. నేను మాత్రం ఆయన పేరు చెప్పి నా బిడ్డ నోటి దగ్గర అన్నం తీసేశాను.

ఆ పుస్తకం వేలు పెట్టుకుని చదువుతున్నాను. రోజుకు ఒక పేజీ, ఒక్కోసారి అర పేజీ. అర్థం కాని చోట వాళ్ళ నాయనను అడిగితే ఆయన మగ్గం ఆపి, "పాప ఉంటే చెప్పేది" అంటాడు. ఈ ముప్పై ఎనిమిదోది అయ్యాక ఇంకా పద్నాలుగు ఉన్నాయి. నా ఆయువు సరిపోతుందో లేదో తెలియదు. మొదలైతే పెట్టాను.

ఇప్పుడు శుక్రవారాల్లో నేను ఉపవాసం ఉండడం లేదు. గుడి వరండాలో ఒక చాప వేసి అన్నం, పప్పు పెట్టుకుని కూర్చుంటున్నాను. సూదులు వేసుకునేవాళ్ళు, ముసలివాళ్ళు, పాలిచ్చే తల్లులు వచ్చి తింటారు. మొదట ఎవరూ రాలేదు. పోయిన వారం బత్తలపల్లి నుంచి కొత్తగా వచ్చిన కోడలు పిల్ల వచ్చింది. ఆరో నెల. లోపల పాటలు పాడుతుంటే తాను తినడానికి సిగ్గుపడి, గోడ వైపు తిరిగి కొంగు చాటున ముద్ద పెట్టుకుంది. నేను లేచి పోయి, లోపలివాళ్ళకు కనపడకుండా వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. ఆ పిల్ల చిన్న చిన్న ముద్దలు చేసుకుని నెమ్మదిగా తింది. మళ్ళీ పెట్టమంటావా అంటే తల ఊపింది. మళ్ళీ పెట్టాను.

ఇంతవరకు చదివినవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. వేళకు తినండి. కడుపు నిండా తినండి.