నలభై ఎనిమిది దెబ్బల పాట

మొన్న ఆదివారం ఉదయం మునిమనవరాలి ఫోనులో బాకాలు మోగాయి. రెండు బాకాలు, వాటి వెనక ఫిడేళ్లు, అంతలో ఒక మగగొంతు 'అయ్యయ్యాయ్' అని సాగదీసిన కేక. ఒలుస్తున్న అనపకాయలు ఒళ్లోంచి జారిపోయాయి. "మెక్సికో వాళ్ల పాత పాట అవ్వా, నీకేం అర్థమవుతుంది?" అని నవ్వింది. "మళ్లీ మొదట్నుంచి పెట్టు" అన్నాను.

ఆ పాట మా ధర్మవరంలో ఒక్క ఇంట్లోనే ఉండేది. పక్కింటి నేతగాడు రంగప్ప మామది ఆ ఇల్లు. పిలుపే తప్ప చుట్టరికం లేదు. భార్య పోయింది, పిల్లలు లేరు. హిందూపురంలో ఒక దొర ఇల్లు ఖాళీ చేస్తూ, తన వంటవాడికి, అంటే మామ బావమరిదికి, గ్రామఫోను, ఒకే ఒక్క ప్లేటు ఇచ్చిపోయాడు. అవి మామకు చేరాయి. ప్లేటు మీది అక్షరాలు కూడబలుక్కొని 'మెక్సికో' అని చెప్పినది మా బడి అయ్యవారు.

"ఆ కేక పెట్టే మనిషి ఏడుస్తాండాడు పాపా" అనేవాడు మామ.

"కాదు మామా, నవ్వుతాండాడు."

"నీకు పదకొండేండ్లు. నవ్వే అనుకో."

పట్టుచీర అంచులో నేసే ఒక్కో పువ్వుకు, అంటే బుటాకు, నలభై ఎనిమిది వరుసలు. బాకా ఎత్తుకున్న చోటు నుంచి ఆ కేక దాకా పాటలో సరిగ్గా నలభై ఎనిమిది తాళం దెబ్బలు. దెబ్బకొక వరుస. "అంకెలు మర్చిపోతావు, పాట మర్చిపోవు" అని మామ నాకు అలాగే నేర్పాడు.

అది పంతొమ్మిది వందల నలభై మూడో సంవత్సరం. అప్పటికి ఆయన కళ్లకు పొర కమ్మింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. మగ్గం షావుకారుది, తెలిస్తే తీసేసుకుంటాడు. ఆ ఇంట్లో ఇక ఏ చప్పుడూ ఉండదు. అందుకని మామ అడ్డపోగు దూర్చే నాడె విసిరేవాడు, నేను పక్కన కూర్చొని పాట నెమ్మదిగా కూనిరాగం తీస్తూ బుటా పోగులు ఎత్తేదాన్ని.

యుద్ధం వల్ల గ్రామఫోను సూదులు దొరక్క మామ తుమ్మముల్లు చెక్కి పెట్టేవాడు. ఒకరోజు ఆయన లేనప్పుడు నేను బట్టలు కుట్టే సూది పెట్టాను. ప్లేటు మీద గీత పడింది. అప్పటినుంచి ఆ చోట పాట ఎగిరి ముందుకు దూకేది. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. కొన్ని దెబ్బలు తగ్గిన ఆ పాటే నా నోటికి పట్టింది.

ఆ తర్వాతి చీరను షావుకారు జానతో కొలిచి చూశాడు. "ఏమప్పా రంగప్పా, నీ బుటాలు కూడా నీ మాదిరే పొట్టివైపోయినాయే?"

నేను మామ వెనక్కి జరిగాను. మా నాయన మగ్గం కూడా ఆ షావుకారుదే.

"నాకు కండ్లు కనపడవు సామీ" అన్నాడు మామ. రెండేళ్లుగా దాచిన మాట.

వారం లోపల మగ్గం విప్పేశారు. మామ పెనుకొండలో ఉన్న చెల్లెలి ఇంటికి బయలుదేరాడు. స్టేషన్‌లో గ్రామఫోను పెట్టె మీద కూర్చున్న ఆయనతో, "ప్లేటు గీసింది నేనే మామా" అన్నాను.

"తెలుసు. నీ పాటలోనే ఆ గీత వినపడతాండె."

"మరి నన్ను యాల తిట్టలేదు?"

"తిడితే పాడేది మానుకుంటావని. నువ్వు పాడతాంటే వింటా కూర్చున్నా పాపా, లెక్క పోతాండాదని తోచనే లేదు."

ఆయన చనిపోయిన కబురు మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత ముప్పై ఒక్క సంవత్సరాలు నేను సొంతంగా మగ్గం నేశాను. ప్రతి వరుసా అంకెతోనే లెక్కపెట్టాను. ఏ పాటా పాడలేదు.

మునిమనవరాలు మొదట్నుంచి పెట్టింది. ఎప్పుడూ దూకే చోటు వచ్చింది. ఈసారి పాట దూకలేదు. అక్కడ బాకా రెండు దెబ్బలు కిందికి దిగి, తర్వాత కేక వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టాను, నలభై ఎనిమిది. నాకిప్పుడు తొంభై మూడు నిండాయి. మామ అన్నట్టు, ఆ కేక ఏడుపే.