పీచీ అవ్వ పలక పట్టిన ఏడు

ఒకప్పుడు మా విక్‌స్టో పల్లెలో బడి అంటే టేమర్ పీచీ వంటిల్లే. ఊరి పిల్లలందరికీ ఆమె పీచీ అవ్వ. భర్త పోయాక గడ్డి టోపీలు కుట్టేవాళ్ళకు అమ్మడానికి గడ్డి జడలు అల్లుకుంటూ, మమ్మల్ని పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి అక్షరాలు చెప్పేది. అల్లిక మీంచి తల ఎత్తకుండానే నాతో, "సూజన్, ఆ మాట మింగేశావు. మళ్ళీ చదువు" అనేది. బైబిలు ఏ పేజీ తెరిచినా గడగడా చదివేది. రాయడం మాత్రం ఆమెకు రాదు. ఆమె చిన్నప్పుడు ఆడపిల్లకు చదవడం వస్తే చాలు, రాతెందుకు అన్నారట.

నాకు ఆరేళ్ళప్పుడు పాదిరి స్టాన్యన్ గారు చర్చి పక్కన రాతి బడి కట్టించారు. పట్నం నుంచి మిస్ ప్రిడ్డీ అనే పడుచు పంతులమ్మ వచ్చింది. కోతలు అయ్యేసరికి అవ్వ వంటింట్లో ఒక్క పిల్ల కూడా మిగల్లేదు.

పక్కింటి చెప్పులు కుట్టే ఓబద్ ఊరుకోలేదు. "ఏమే టేమర్, ఇంక పొయ్యికి పాఠాలు చెప్పుకుంటావా?"

"నీ బుర్రకు చెప్పడం కంటే అదే నయం. కాస్త వేడైనా పుడుతుంది."

మాట అలా అంది గానీ, ఆ తర్వాత చాలా రోజులు ఆమె వీధి తలుపు తెరవలేదు. బడి విడిచాక మా కేకలు లోపలికి వినిపిస్తూనే ఉండి ఉంటాయి.

ఒక సోమవారం ఉతికిన ఏప్రన్ కట్టుకుని, తన ముక్కాలిపీట చంకన పెట్టుకుని బడికి వచ్చింది. మిస్ ప్రిడ్డీ బల్ల మీద బెత్తంతో కొడుతోంది, మేము అరుస్తూనే ఉన్నాం. అవ్వ గుమ్మంలో కనిపించగానే అందరం నోళ్ళు మూశాం. పంతులమ్మ బెత్తం దించింది.

"నాతో పోట్లాడడానికి వచ్చారా అమ్మా?"

"నిన్నటిదాకా అదే అనుకున్నాను తల్లీ. ఇప్పుడు రాత నేర్చుకోవడానికి వచ్చాను. నేర్పుతావా?"

వెనక బల్లల్లో కిసుక్కుమన్నారు. అవ్వ వాళ్ళ వంక చూడకుండానే వచ్చి నా పక్కన పీట వేసుకుంది.

అంత సన్నని గడ్డిపోచలను అల్లే వేళ్ళు పలకపుల్లను మాత్రం టపటపా విరిచేసేవి. ఆమెకు తప్పులు దిద్దడం నాకేమో గర్వం.

"అవ్వా, 'బి' పొట్ట అటు కాదు, ఇటు."

"నీకు 'బి' చెప్పింది ఎవరే?"

"నువ్వే."

"చూస్తే గుర్తుపడతానే పిల్లా. చెయ్యి మాట వినొద్దూ?"

ఈ సంగతి ఊరంతా పాకింది. రైతు గాట్‌వర్డ్ గారి భార్య, బడి పరువు పోతోందని పాదిరి గారికి ఫిర్యాదు చేసింది. ఆయన ఇబ్బంది పడుతూనే వచ్చారు.

"పీచీ అమ్మగారూ, ఈ బడి పిల్లల కోసం కట్టింది..."

అప్పటిదాకా ఆయన ముందు నోరెత్తని మిస్ ప్రిడ్డీ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆమె వెళితే నేనూ పెట్టె సర్దుకుంటాను. ఈ చిన్నపిల్లలు ఆమె పక్కనుంటేనే కుదురుగా కూర్చుంటున్నారు."

పాదిరి గారు ఒకసారి దగ్గి, మాకు దేవుడి ఆజ్ఞలు అప్పజెప్పించుకుని వెళ్ళిపోయారు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. బడిలో పొయ్యి ఉంది, బొగ్గు లేదు. తడిసిన బూట్లతో మా పాదాలు మొద్దుబారేవి. అవ్వ ఒక శనివారం మధ్యాహ్నమంతా కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా పలక నిండా రాసి, చర్చిలో పాదిరి గారి బల్ల మీద పెట్టి వచ్చింది. మర్నాడు ప్రసంగం అయ్యాక ఆయన ఆ పలక ఎత్తి అందరికీ వినిపించారు.

"అయ్యగారికి. పిల్లల కాళ్ళు గడ్డ కడుతున్నాయి. బొగ్గు పంపండి. టి. పీచీ."

ఓబద్ పకపకా నవ్వాడు. గాట్‌వర్డ్ గారు మాత్రం ఫిర్యాదు చేసిన భార్య వైపు ఓసారి చూసి తల వంచుకున్నారు. సోమవారం పొద్దున్నే ఆయన బండి బొగ్గుతో బడి ముందు ఆగింది.

ఈస్టరు నాటికి చిన్నపిల్లల తరగతి అవ్వకే అప్పగించారు. మిస్ ప్రిడ్డీ పెద్ద పిల్లలకు పాఠాలు చెప్పుకుంది. రాత వచ్చాక అవ్వను ఆపగలిగినవాళ్ళు లేరు. చర్చి వసారా కారుతోందని పాదిరి గారికి రాసింది. పొలం దారిలో కంచె దాటే మెట్టు విరిగి ఆడవాళ్ళ పావడాలు చిరుగుతున్నాయని జమీందారుకు రాసింది. ఆయన కొత్త మెట్టు వేయించాడు. ఇప్పటికీ గడ్డి జడలు తీసుకుని మేం సంతకు వెళ్ళేది ఆ దారినే.