పక్కా గోడ

మా బావ చెవిటివాడు కాదు. ఊళ్లో ఇప్పటికీ అతన్ని 'చెవిటి మేస్త్రి' అంటారు. ఆ పేరు నేను చెప్పిన అబద్ధం వల్ల వచ్చింది.

తొంభైల మొదట్లో గల్ఫ్ పనికి పోయి, ఇద్దరం బహ్లా అనే ఊళ్లో ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. పాత బజారులో వర్తకుల ఇళ్లు, దుకాణాలు కూలిపోకుండా బాగుచేసే పని మా కంపెనీది. అన్నీ మట్టిగోడలే. కొత్తగా వచ్చిన బావకు హిందీ రాదు. ఫోర్‌మన్ చెప్పింది నేనే తెలుగులో చెప్పాలి.

ఒకరోజు ఫోర్‌మన్ ఒక దుకాణం గోడ చూపించి, "మిట్టీ సే పక్కా కరో" అన్నాడు. మట్టితోనే గట్టిచేయమని. మట్టి మెత్తడానికా ఇంత దూరం వచ్చిందని నాకు రోషమొచ్చింది. ఆ 'మిట్టీ'ని మింగేసి, "పక్కా చెయ్యమంటున్నడు బావా" అన్నాను. మా వైపు పక్కా ఇల్లంటే సిమెంటు ఇల్లే. బావ సిమెంటు కలిపి గోడను అద్దంలా నున్నగా తేల్చాడు.

ఆ వారమే జపాన్ పెద్దాయన ఒకాయన బజారు చూడటానికి వచ్చాడు. వాళ్ల ఊళ్లోనూ ఇలాంటి పాత వర్తకుల వీధి ఉందట. అన్నీ నల్లబడ్డ చెక్క దుకాణాలు. ఒక పలక పుచ్చితే అదే జాతి చెక్క తెచ్చి బిగిస్తారట. మా గోడ దగ్గర ఆగి వేలితో తట్టాడు. సిమెంటు కింద తడి ఆరదు, లోపలి మట్టి కరిగిపోతుందన్నాడు.

ఫోర్‌మన్ నావైపు తిరిగాడు.

"నేను మిట్టీ అనే చెప్పాను. ఇతనికే వినబడలేదు" అన్నాను.

ఫోర్‌మన్ బావను ఎడారి సైట్‌కు పంపేస్తానన్నాడు. మాట తెలియకపోయినా బావకు సంగతి తెలిసింది.

"సిమెంటు తీసేస్త. లోపలి మట్టి రాలితే అప్పుడు పంపుమను."

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. బావ ఉలి మొనతో సిమెంటును పెచ్చులు పెచ్చులుగా ఊడదీశాడు. గడ్డి కలిపి మట్టి తొక్కి, మళ్లీ మెత్తాడు. ఫోర్‌మన్ గోడ చూసి, పంపే మాట మానుకున్నాడు. బావ బహ్లాలోనే ఉండిపోయాడు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. సెలవులో ఊరొచ్చి, చెవిటి మేస్త్రి కథంటూ చెప్పి నేనే అందరినీ నవ్వించాను. తర్వాత బావ ఊరికి తిరిగొచ్చాక, ఇల్లు కట్టించేవాళ్లు "ఒకటి చెప్తే ఒకటి కడతడు" అని వేరే మేస్త్రిని పిలిచారు. బావ ఒక్కసారీ కాదనలేదు.

ఇదంతా రాస్తున్నానని మొన్న అక్క ఎదుటే బావకు చెప్పాను. బావ తాపీ కడుగుతూ తలెత్తలేదు.

"గిన్నొద్దులకు నీకు ఇనవడ్డదా, బామ్మర్ది?" అన్నాడు.