బొమ్మ పడితే వద్దు

మా వైపు ఎవరూ ఎవరికీ మొహం మీద లేదని చెప్పరు. ఇంటికి రమ్మంటే "ఆయ్, తప్పకుండా వస్తామండీ" అంటారు. అలా అన్నవాళ్ళు రాకపోయినా తప్పు పట్టేవాళ్ళుండరు. రాలేమని చెప్పడం కంటే రాకుండా ఊరుకోవడమే ఇక్కడ మర్యాద. మా అమ్మ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టిన ప్రతిసారీ, వస్తామన్నవాళ్ళలో సగం మందికే అన్నం వండిస్తుంది. ఒకసారి అలా అన్నవాళ్ళందరూ నిజంగానే వచ్చేస్తే ఇంటివాళ్ళం అటుకులు నానబెట్టుకు తిని పడుకున్నాం. అయినా అమ్మ తన లెక్క మార్చుకోలేదు.

నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. రాజోలు నుంచి రోజూ బస్సు. నిలబడి వెళ్ళడం, నిలబడి పాఠం చెప్పడం, మళ్ళీ నిలబడి ఇంటికి రావడం. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. మొదటి సెమిస్టరులో పిల్లలందరికీ సంభావ్యత గురించి, కొందరిని చూసి అందరి గురించి ఎంతవరకు చెప్పవచ్చో ఆ అంచనాల గురించి పరిచయ పాఠాలుంటాయి. ఆ తర్వాత వాళ్ళు మైనరు సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. కనీసం ఇరవై మంది నా సబ్జెక్టును కోరుకుంటేనే సెక్షను నడుస్తుంది. సెక్షను నడిస్తేనే నా ఉద్యోగం, ఎందుకంటే నాది ఏటా పొడిగించే కొలువు. ఇన్నేళ్ళొచ్చినా ప్రతి ఏడూ ఇదే దినగండం. పిల్లలేమో కంప్యూటర్ల వైపు పోతున్నారు. పోనీలే, వాళ్ళ తప్పేముంది?

నిరుడు ప్రిన్సిపాలుగారు స్వయంగా క్లాసుకొచ్చి, నేను పక్కన ఉండగానే, స్టాటిస్టిక్స్ ఎవరికి కావాలని అడిగారు. ఒక్కరు మిగలకుండా చేతులెత్తారు. తీరా ఎంచుకునే రోజున ఆరుగురు వచ్చారు. ఆయన మేనేజ్‌మెంటు కాళ్ళావేళ్ళా పడి ఆ ఒక్క ఏడాదీ సెక్షనును నిలబెట్టారు. ఈసారి నన్ను గదిలోకి పిలిచి మొదటే చెప్పేశారు.

"చూడండి మేడం గారూ, నిరుడు అందరూ చేతులెత్తేరండీ. ఆ లెక్క పట్టుకెళ్ళి నేను తలదించుకోవాల్సొచ్చింది. ఈసారి నాకు చేతులొద్దు, నిజం కావాలండీ. శుక్రవారానికల్లా చెప్పండి."

"ఆయ్" అన్నాను.

అన్నానే గానీ నిజం ఎక్కడినుంచి తేవాలి? అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని ప్రతి ఏడూ పాఠం మొదలుపెడతాను. ఆ ఉదాహరణ చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. గరిటెతో కలపని గిన్నెలో పై మెతుకుకు అడుగు మాడిన సంగతి తెలియదని కూడా చెబుతాను. కానీ మా పిల్లల దగ్గర చిక్కు అది కాదు. ఇక్కడ పట్టుకున్న ప్రతి మెతుకూ "ఆయ్, ఉడికేనండీ" అంటుంది. పేర్లు లేని చీటీలు రాయిద్దామా అంటే, సెమిస్టరంతా వాళ్ళ పేపర్లు దిద్దినదాన్ని, దస్తూరి చూసి చెప్పేస్తానని వాళ్ళకు తెలుసు.

అలాంటి మొహమాటస్తుల కోసమే మా శాస్త్రంలో ఒక ఉపాయం ఉంది. నాణెం ఎగరేయించడం. అయితే ఈ రోజుల్లో నాణేలు ఎవరి దగ్గరున్నాయి? పిల్లలు టీ తాగినా ఫోనుతోనే. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక నా పర్సులోనూ చిల్లర గలగల ఆగిపోయింది. చివరికి అమ్మ ఆదివారం కానుక కోసం దాచుకునే డబ్బా అడిగాను.

"దేవుడి డబ్బులే అవి. ఎగరేయడానికా?" అంది అమ్మ.

"సాయంత్రానికి తెచ్చేస్తానమ్మా."

"తెచ్చెయ్యి. వాటితో మీ కాలేజీ వాళ్ళకి కాస్త బుద్ధొస్తే మరీ మంచిది."

ఆ రోజు ముసురు. కరెంటు లేదు, కిటికీల్లోంచి జల్లు. మధ్యాహ్నం చివరి పీరియడు. నలభై మంది పిల్లలకు తలో రూపాయి నాణెం, తలో కాగితం ముక్క ఇచ్చాను. సింహాలున్న వైపు బొమ్మ, రెండో వైపు బొరుసు అని చూపించి, నెమ్మదిగా చెప్పాను. అందరూ బల్ల కింద నాణెం ఎగరేయాలి. ఏది పడిందో పక్కవాళ్ళకు కూడా చూపించకూడదు. బొమ్మ పడితే, మనసులో ఏమున్నా సరే, చీటీ మీద "వద్దు" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. స్టాటిస్టిక్స్ కావాలంటే "కావాలి", అక్కర్లేకపోతే "వద్దు".

"రేపు నేను దస్తూరి పట్టి ఇది ఫలానావాళ్ళ ‘వద్దు’ అని పోల్చుకున్నా, అది మీ మాటో నాణెం మాటో నాకు తెలియదు. నింద నాణెం మీదకు పోతుంది. మీరు హాయిగా ఉండచ్చు" అన్నాను.

ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. పలివెల నుంచి వస్తుంది, మాట చాలా తక్కువ.

"బొమ్మ పడితే, కావాలనుకున్నవాళ్ళు కూడా వద్దనే రాయాలాండీ?"

"రాయాలమ్మా. లేకపోతే లెక్క తప్పుతుంది."

"ఆయ్" అని కూర్చుంది.

మిగతాది బోర్డు మీద రాశాను. నలభై మందిలో ఇంచుమించు సగం మందికి బొరుసు పడుతుంది. "కావాలి" అనే మాట వాళ్ళ దగ్గర్నుంచే రావాలి. అందుకని వచ్చిన "కావాలి"లను రెట్టింపు చేస్తే నిజంగా కావాలనుకునేవాళ్ళెందరో అంచనా దొరుకుతుంది. పది వస్తే ఇరవై మంది. పది వస్తే చాలు, నా కొలువు నిలుస్తుంది. ఆ చివరి మాట బోర్డు మీద రాయలేదు. ఏ ఒక్కరి గుట్టూ బయటపడకుండా అందరి సంగతీ తెలుస్తుంది. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమంటూ ఉంటే అది ఇలాంటి చోటే. చాలా కాలానికి ఆ రోజు నా గొంతులో కాస్త హుషారు నాకే వినబడింది. బల్లల కింద నాణేలు పడుతుంటే, పిల్లలు నవ్వు ఆపుకుంటూ వంగి వెతుక్కుంటుంటే, బాగానే చెప్పానే అనుకున్నాను.

నా క్యారేజీ గిన్నెలో చీటీలు పోగుచేసి ఒక్కొక్కటీ విప్పి చదివాను. కావాలి. కావాలి. కావాలి. మొదట్లో నా గుండె లేచి కూర్చుంది. పదో "కావాలి" దాటేసరికి మొహం వెలిగిందేమో, పిల్లలు కూడా నవ్వారు. ఇరవై దాటేసరికి నాకు చెమట పట్టింది. చివరికి ముప్ఫై ఆరు "కావాలి"లు, నాలుగు "వద్దు"లు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నన్ను సంతోషపెట్టామన్న ఆనందం వాళ్ళది. ఆ చప్పట్ల మధ్య సుద్దముక్క పట్టుకుని, బోర్డు మీద నేనే రాసిన లెక్కను చూస్తూ నిలబడ్డాను. బెల్లు కొట్టారు.

మర్నాడు, శుక్రవారం పొద్దున్నే, ప్రిన్సిపాలుగారు నాణేల సంగతీ ఆ సంఖ్యా విని కుర్చీలోంచి లేచారు.

"నలభైకి ముప్ఫై ఆరా! బ్రహ్మాండమండీ! నేననలేదూ?"

ఇక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. బస్సులో రాజోలు నుంచి అమలాపురం దాకా నాకు నేను చెప్పుకుంటూ వచ్చింది కూడా అదే. ఆయనే సంతోషపడుతున్నారు, నీకెందుకే? కానీ నోరు ఊరుకోలేదు. ఇన్నేళ్ళు చెప్పిన పాఠం అడ్డం పడింది.

"అంత రాకూడదండీ."

"రాకూడదంటే?"

"అందరికీ నిజంగా కావాలనే అనుకుందామండీ. అప్పుడు కూడా బొమ్మ పడ్డవాళ్ళు వద్దనే రాయాలి కదండీ. ఇరవై దగ్గర్లో ‘వద్దు’లుండాలి. మూడు తగ్గొచ్చు, నాలుగు పెరగొచ్చు. నలభై నాణేల్లో నాలుగంటే నాలుగే బొమ్మలు పడడం జరిగే పని కాదండీ. పిల్లలు నాణెం మాట వినలేదండీ. బొమ్మ పడ్డవాళ్ళు కూడా, నేను ఎదురుగా ఉన్నానని, కావాలనే రాసేసేరు."

ఆయన మంచివారే, కోపం రాలేదు. జాలే పడ్డారు.

"మరి నిజంగా ఎంతమందికి కావాలంటారండీ?"

"తెలీదండీ."

"తెలీదని నేను రాసి పంపలేనండీ మేడం గారూ." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిరుటి ఆరే వేసుకుందామండీ. ఏమంటారు?"

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను? మధ్యాహ్నానికల్లా మేనేజ్‌మెంటు నుంచి కబురొచ్చింది. వచ్చే సెమిస్టరు నుంచి సెక్షను లేదు. నేనూ లేను. స్టాఫ్‌రూములో కూర్చుని అన్నం తిన్నాను. అదే గిన్నె. కోపం ఎవరి మీదో తేలలేదు. పిల్లల మీదా? పాపం, వాళ్ళు నాకు పూలదండ వేశామనుకున్నారు. ఆ దండే మెడకు బిగిసింది. అలసిపోయాను, అంతే. పోట్లాడడానికి కూడా ఓపిక ఉండాలి.

సాయంత్రం బస్టాండులో రాజోలు బస్సు కోసం నిలబడి ఉండగా వెనకనుంచి "మేడం గారండీ" అని వినిపించింది. పలివెల అమ్మాయి. కొత్తపేట వైపు బస్సు కోసం చూస్తోంది. గొడుగు మడిచి చేతుల్లో నలుపుతూ నిలబడింది.

"నేను వద్దని రాసేనండీ."

"పరవాలేదమ్మా."

"అది కాదండీ. నాకు బొమ్మ పడిందండీ. నిజంగా నాకు కావాలండీ. మీరు రాయమన్నారు కదండీ, రాయకపోతే లెక్క తప్పుతుందన్నారు కదండీ. అందుకే రాసేసేను. మీరు బాధపడ్డారేమోనని రాత్రి నిద్ర పట్టలేదండీ."

నా మొహం చూడకుండా, తన మనసు కూడా చూడకుండా, నాణెం చెప్పినట్టు రాసింది ఈ పిల్ల. కావాలనుకుంటూనే వద్దని రాసింది. ఇన్నేళ్ళూ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కదానికి అందింది. ఏడుపొచ్చింది. బస్టాండులో అందరూ చూస్తున్నారని చెంగుతో వాన నీళ్ళు తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

"బాధేమీ లేదమ్మా. నువ్వే సరిగ్గా రాశావు" అన్నాను.

దాని మొహం తేటపడింది. అంతలో కొత్తపేట బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. తను రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ముప్ఫై ఆరు మంది కావాలన్నారు కదండీ. వచ్చే సెమిస్టరు మనకి సెక్షను ఉంటుంది కదండీ?"

ఉండదని చెప్పాలి. ఒక్క మాట. వద్దని రాయగలిగిన పిల్లకు, లేదన్న మాట వినగలిగే ధైర్యం కూడా ఉండే ఉంటుంది. చెప్పడానికే నోరు తెరిచాను. వానలో తడుస్తూ ఆ మొహం నా వైపే చూస్తోంది.

"ఆయ్, ఉంటుందమ్మా" అన్నాను.