వయ్యారిభామకు గోళ్లరంగు

మొన్న మనవరాలు గోళ్లరంగు సీసా మూత తీసిందో లేదో, ఆ ఘాటు వాసన నన్ను నాందేడ్‌లోని మా చిన్నమ్మ పెరట్లోకి లాక్కుపోయింది. డెబ్బైలనాటి మాట. చిన్నమ్మ ఇంట్లో ఉండి వృక్షశాస్త్రం పెద్ద చదువు చదువుతున్నాను. లోకమంతా పూలమొక్కలు పెంచుతుంటే నేను కలుపు పెంచేదాన్ని. రెండు మళ్ల నిండా వయ్యారిభామే. ఒక మడిని ముట్టుకోలేదు. రెండోదాని మీద పలచగా కలుపుమందు చల్లాను. మందు తగిలితే ఆకు పైనుండే సన్నని నూగు, మైనపు పూత ఏమవుతాయన్నదే నా పరిశోధన. ఆకుకు గోళ్లరంగు పూసి, ఆరాక పొరలా ఒలిస్తే ఆకు అచ్చు దిగుతుంది. నా గోళ్లు ఎన్నడూ ఎరుగని సింగారం ఆ పిచ్చిమొక్కలకు జరిగేది.

మళ్లు చూసి మార్కులు వేయడానికి పరీక్షాధికారి ఇంటికే వస్తానన్నారు. ఆయన మెచ్చకపోతే ఏడాది చదువూ గంగపాలే. ఆ పొద్దున కాలేజీ నుంచి సూక్ష్మదర్శిని మోసుకొచ్చేసరికి పెరడు అద్దంలా ఉంది. మళ్లు లేవు. పేడతో అలికిన నేల, దాని మీద ఇంత పెద్ద ముగ్గు!

"పెద్ద సారు అస్తుండంటివి గదనే! గా పిచ్చిగడ్డి సూస్తె ఏమనుకుంటడు? అంత పీకి పెంటల పారేసిన" అంది చిన్నమ్మ, మెచ్చుకోమన్నట్టు.

నేను బావురుమన్నాను.

"గడ్డి పీకితె ఏడ్సేటోళ్లను నిన్నే సూస్తున్న" అంటూనే పెంటకుప్ప దగ్గరికి నాకంటే ముందు ఉరికింది. రెండు మళ్ల మొక్కలూ కలిసిపోయి, వాడి, ఒక్క తీరుగా ఉన్నాయి. ఇద్దరం అరుగు మీద కూర్చుని దొరికిన ఆకుకల్లా రంగు పూయసాగాం. సరిగ్గా అప్పుడే పరీక్షాధికారి వచ్చి, "పెళ్లి ఎవరిదమ్మా?" అన్నారు మరాఠీలో.

జరిగింది చెప్పి, ఒలిచిన పొరలు సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే చూపించాను. కొన్నిటి మీద నూగు నిటారుగా నిలిచి ఉంది. కొన్నిటి మీద అది చితికి వాలింది, పూత పెచ్చులూడింది. "ఇది మందు తాగింది, ఇది తాగలేదు" అని ఆయనే పిల్లాడిలా సంబరంగా వేరుచేస్తూ పోయారు. చివరికి తలెత్తి, "మళ్లు చూస్తే మామూలుగా మార్కులు వేసి పోయేవాణ్ణి. కలగాపులగమైనా తేడా పట్టి చూపించావు, భేష్!" అన్నారు.

"నేను పీకవట్టే గదా!" అంది చిన్నమ్మ, ఆయన చేతికి చాయ్ ఇస్తూ.

కాలం కూడా మా చిన్నమ్మ లాంటిదే. ఉన్నదంతా పీకేసి, శుభ్రంగా అలికి, పైన ముగ్గు పెడుతుంది. ఏదో ఒక పొర మీద మాత్రం నూగు ఇంకా నిటారుగానే ఉంటుంది.