పీర్ సాబ్ లాగి చూశాడు

పీర్ మహమ్మద్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. చేతికందిన వస్తువును లాగి చూడకుండా వదలడు. తాడయితే తెగేదాకా, పిడి అయితే ఊడేదాకా, మనిషయితే అరిచేదాకా. పోర్టులో క్రేను గొలుసులు పరీక్షించే పనిలో ముప్ఫై ఏళ్ళు గడిపి రిటైరయ్యాక, గాజువాక ఆటోనగర్‌లో లోహాలు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో చేరాడు. ఆ ల్యాబుకి మేనేజరు అనూరాధ. వయసు ఇరవై తొమ్మిది. పీర్ సాబ్ చేరిన ఏడాదిలో ఆమెకి మూడు హ్యాండ్‌బ్యాగులు, రెండు గొడుగులు, బతుకు మీద ఆశ పోయాయి.

"పీర్ గారూ, నా బ్యాగుకేమైంది?"

"తెగిపోనాదమ్మా."

"మీరు లాగారా?"

"నాను లాగితే తెగింది. అదే బస్సు దిగినప్పుడు తెగితే? నీ ఫోనూ, నీ టిఫిను బాక్సూ రోడ్డు మీద పడవేటి? అప్పుడేటి సేత్తావు?"

అనూరాధ కిందికి చూసింది. ఆ ఫోనూ, ఆ టిఫిను బాక్సూ ఇప్పుడు ల్యాబు నేల మీద ఉన్నాయి. పులిహోర మీద నట్లూ బోల్టులూ ఉన్నాయి.

పూర్ణా మార్కెట్ దగ్గర ఆయన మేనల్లుడు ఇమ్రాన్ పెళ్ళికి ఆమె కూడా వెళ్ళింది. బిర్యానీ వడ్డిస్తుండగా పీర్ సాబ్ షామియానా గుంజ దగ్గరికి వెళ్ళడం చూసి "వద్దండీ" అని అరిచింది. ఆలస్యమైంది. రెండు వందల మంది మీద గుడారం పరుచుకుంది. గుడ్డ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, "సూశారా! గాలొస్తే ఏటయ్యేది?" అన్నాడాయన. గాలి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

"నువ్వు ఏడాది నుంచి పడతన్నావు. నాను ముప్ఫై ఐదేళ్ళ నుంచి పడతన్నాను బేటీ," అంది ఆయన భార్య మెహరున్నీసా, కళ్ళద్దాల మీది గ్రేవీ తుడుచుకుంటూ. "నికా అయిన మర్నాడు నా గాజులు లాగి సూశాడు. నాలుగు పగిలాయి. మా ఇంట్లో సెవి ఉన్న కప్పు ఒక్కటి సూపించు, నీకు దణ్ణం పెడతాను."

ఇలాంటి మనిషి చేతికి పిన్నులొచ్చాయి.

విమానాల్లోంచి సరదాకి దూకేవాళ్ళు వీపున తగిలించుకునే పారాచూట్ సంచీలకు వాడే పిన్నులవి. చూపుడువేలంత స్టీలు పుల్ల, కొంచెం వంపు. సంచీ మూతలన్నీ ఒకచోటికి లాగి, మధ్యలో ఉన్న దారపు ముడిలో ఈ పిన్ను దూరుస్తారు. దూకినవాడు పిడి లాగితే పిన్ను జారుతుంది, సంచీ విచ్చుకుంటుంది, గొడుగు తెరుచుకుంటుంది. పిన్ను ముందే విరిగితే గొడుగు విమానంలోనే తెరుచుకోవచ్చు. వంగి ఇరుక్కుంటే అసలు తెరుచుకోకపోవచ్చు. అందుకని పిన్ను కొనకి ఎనిమిది కిలోల బరువు వేలాడదీసి పది లెక్కపెట్టాలి. వంగకూడదు, విరగకూడదు.

అయిదు వందల పిన్నులొస్తే ఇరవై పరీక్షించాలని రూలు. ఇరవైకి ఇరవై నిలిచాయి. అనూరాధ సర్టిఫికెట్ టైపు చేసి సంతకానికి ఇచ్చింది.

"మిగతా నాలుగొందల ఎనభై మాటేటి?" అన్నాడు పీర్ సాబ్.

"వాటికి ఈ ఇరవై సాక్ష్యమండీ. రూలు అదే."

"దూకినోడి ఈపు మీద రూలుంటాదా, పిన్నుంటాదా?"

ఆమె నుదురు టేబులుకి ఆన్చింది. ఆ టేబులు కాలు కూడా ఊగుతోంది. కారణం ఆమెకి తెలుసు.

మొదటి రోజు నూట నలభై అయ్యాయి. పిన్నులు పంపిన కంపెనీ గంటకోసారి ఫోన్ చేసింది. రెండో రోజు ల్యాబు యజమాని కనకరత్నం చేశాడు. "ఆ ముసలాయన్ని నువ్వు ఆపుతావా, నన్ను రమ్మంటావా?"

"రండి సార్. నా వల్ల కాదు."

వచ్చాడు. పీర్ సాబ్ ఆయన్ని ఎగాదిగా చూసి, మెడలో ఉన్న ఐడీ కార్డు తాడు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. "గట్టిదే సార్," అన్నాడు మెచ్చుకోలుగా. కనకరత్నం దగ్గుకుంటూ కారెక్కి వెళ్ళిపోయాడు.

మూడో రోజు శుక్రవారం. సాయంత్రం నాలుగు వందల పదిహేడో పిన్ను 'టిక్' మంది.

వేరుశనగ కాయ చిదిమినంత చప్పుడు. పీర్ సాబ్ రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు. తయారీలో పుల్లని వంచినప్పుడు లోపల వెంట్రుకంత చీలిక పడింది. కంటికి కనపడదు. బరువు పడితే తప్ప తెలియదు.

అనూరాధకి ముందు సంతోషమేసింది. తర్వాత గుర్తొచ్చింది. నెలన్నర క్రితం ఇదే కంపెనీ నుంచి మూడు వందల పిన్నులొచ్చాయి. అప్పుడు మెహరున్నీసా కంటి ఆపరేషనుకని పీర్ సాబ్ సెలవులో ఉన్నాడు. ఇరవై చూసి సంతకం పెట్టింది అనూరాధే.

కంపెనీకి ఫోన్ చేసింది. అందులో నలభై మూడు పిన్నులు అప్పటికే జనం వీపుల మీదికి ఎక్కేశాయి. "అందరికీ మెయిలు పెడతాం మేడమ్. సోమవారం మళ్ళీ గుర్తు చేస్తాం," అన్నారు.

దూకేవాళ్ళు దూకేది శని, ఆదివారాల్లోనే.

ఆ రెండు రోజులూ దువ్వాడలో తన గదిలో మంచం మీద కూర్చునే ఉంది. అన్నం వండింది, తినలేదు. ఫోను మోగితే ఎవరో పడిపోయారనుకునేది. మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. నలభై మూడు మందిలో ఒక్కరి మొహమూ ఆమెకి తెలియదు. తెలియకపోవడంతో అందరికీ తన తమ్ముడి మొహమే వచ్చింది.

సోమవారం కంపెనీ చల్లటి కబురు చెప్పింది. ఎవరూ దూకలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా.

పది రోజుల్లో పిన్నులు కొరియర్లో తిరిగొచ్చాయి. మైసూరు నుంచి ధనశ్రీ అనే ఆవిడ పంపిన కవరులో చిన్న చీటీ ఉంది. 'శనివారం పొద్దున్న ఫోన్ చేసిన పెద్దాయనకి. అప్పటికే నేను సంచీ తగిలించుకుని విమానం వైపు నడుస్తున్నాను. మీరు తిట్టిన తిట్లు సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే విప్పేశాను.'

అనూరాధ చీటీ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. "మీరు ఫోన్ చేశారా?"

పీర్ సాబ్ దొంగలా తల గోక్కున్నాడు. "కంపెనీ కుర్రోడి బుర్ర తిని నంబర్లు తీసుకున్నాను. మెయిలు ఎవడు సదువుతాడమ్మా? మడిసి గొంతు ఇంటే ఆగుతారు."

"నలభై మూడు మందికీ?"

"ఒకడు ఎత్తలేదు. ఆడి అత్తగారికి సేశాను. ఆవిడ సేత్తే ఆడు ఎంటనే ఎత్తాడు."

"ఏమని చెప్పారు?"

"తప్పు మాదని సెప్పాను. ఎవరిదని అడిగితే పీర్ మహమ్మద్‌దన్నాను."

"సంతకం నాది కదండీ!"

"నీ పేరు పెద్దదమ్మా. అంత టైమెక్కడుంది?"

నలభై మూడూ బరువుకి వేలాడదీశారు. రెండు విరిగాయి. అందులో ఒకటి మైసూరు కవరులోది.

ఆ మధ్యాహ్నమే అనూరాధ రాజీనామా రాసింది. 'నా చేతి మీద నాకు నమ్మకం పోయింది' అని ఒక్కటే వాక్యం. కనకరత్నానికి ఇచ్చేముందు మర్యాదకి పీర్ సాబ్‌కి చూపించింది. ఆయన రెండు చేతులా పట్టుకుని లాగాడు. చర్రుమని చిరిగింది.

"ఫెయిలు," అన్నాడు.

సర్టిఫికెట్లు వేసే మందపు కాగితం మీద మళ్ళీ టైపు చేసింది. దాన్నీ లాగాడు. "ఇదీ ఫెయిలే."

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఎండలో జిరాక్సు షాపుకి వెళ్ళి, మూడోది లామినేషన్ చేయించుకొచ్చింది. పీర్ సాబ్ లాగాడు. చిరగలేదు. పళ్ళ బిగువున లాగాడు. చిరగలేదు. యంత్రానికి తగిలించి ఎనిమిది కిలోలు వేలాడదీశాడు, పన్నెండు వేలాడదీశాడు. రాజీనామా గట్టిగా నిలబడింది. ఆయన మొహం పాలిపోయింది.

"పాసయింది కదా," అంది అనూరాధ. "ఇవ్వండి."

పీర్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు.

"ఒక్కటి పాసయితే ఏటి లాభం మేడమ్? ఇంకో నాలుగొందల తొంబై తొమ్మిది రాసుకురా. అన్నీ లాగి సూడాల."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అంది ఆమె. పెదవులు మాట వినడం మానేసి పక్కలకి సాగుతున్నాయి.

"నాకిప్పుడు అరవై రెండు," అన్నాడాయన బరువులు కిందికి దించుతూ. "తొందరేటి?"